రెండు దినాల్లో కడప జిల్లా

(జమ్మలమడుగులో ఒక ఇంటి అరుగు. మామ రిటైరైన తెలుగు అయ్యవారు. మేనల్లుడికి బెంగళూరులో ఉద్యోగం. శనివారం వాని స్నేహితులు ముగ్గురు కారులో దిగుతున్నారు. వాళ్లకు ఏం చూపించాలన్నదే తగాదా.)

అల్లుడు: శనివారం గండికోట. రాత్రికి లోయ అంచున టెంట్లు. ఆదివారం సూర్యోదయం చూసి బండెక్కుతారు. అంతే మామా.

మామ: దానికి రెండు దినాలెందుకప్పా? ఆ లోయను దినామూ ఫోన్లో చూస్తానే ఉండారు గదా.

అల్లుడు: ఫోన్లో చూసే గదా వస్తాండేది! ఇండియా గ్రాండ్ కాన్యన్ అని ఊరంతా...

మామ: ఆ మాట నా ముందర అనొద్దు. పెన్న ఎర్రమల కొండను కోసుకుంటా పారింది, గండి పడింది. గండి ఒడ్డున కట్టిన కోట గండికోట. పేరులోనే అంతా ఉంటే అమెరికాకు పొయ్యి అరువు తెచ్చుకోవాల్నా?

అల్లుడు: సరే, ఇంగ యాడికి తీసకపొమ్మంటావు?

మామ: కలమళ్లకు.

అల్లుడు: ఆ గుడిలో ఉండే ఇరిగిపోయిన శాసనం రాయి కాడికా? వచ్చేవాళ్లలో ఇద్దరు కన్నడమోళ్లు, ఒకడు మలయాళీ. మనకే చదవను రాని అక్షరాలు వాళ్లకేం తెలుస్తాయి?

మామ: వాళ్లకే తెలుస్తాయిరా. ఇను. అంతకుముందు మన రాజులు శాసనం రాయిస్తే ప్రాకృతం, లేదంటే సంస్కృతం. నడుమన ఏదో ఊరిపేరు తెలుగులో దొర్లేది, అంతే. 575 ప్రాంతంలో, అప్పుడు రేనాడు అనే మన ఈ సీమను ఏలిన చోడరాజు ధనంజయుడు మొదటిసారి మన మాటతోనే శాసనం ఏయించినాడు. ఆ రాతి మీద 'రేనాణ్డు ఏళన్' అని ఉంటుంది. రేనాడు ఏలుతాండగా అని. ఆ 'ఏళ' అనే కాడ ఏలు పెట్టి సూపించు. మనకు ఏలు, కన్నడంలో ఆళు, మలయాళంలో ఆళుక. నీ ముగ్గురు స్నేహితులకూ ఆ మాట చుట్టమే. లోయను చూసి 'అబ్బా' అంటారు, మళ్లా ఏమంటారు? ఈ రాయి ముందర నిలబడితే మాట్లాడుకుంటారు. ఆన్నుంచి పెన్న వెంబడే పొండి. పుష్పగిరిలో చెన్నకేశవుని గుడి బయటి గోడ చుట్టూ రామాయణ భారతాలు చెక్కినారు. సిద్ధవటంలో మట్లి రాజుల కోట ఏటి ఒడ్డునే. ఒంటిమిట్టలో సీతారామలక్ష్మణులు ఒకే రాతిలో ఉంటారు, పక్కన హనుమంతుడుండడు. ఆ గుడి కాడి బావికి ఇమాంబేగ్ బావి అని పేరు. ఒక దినానికి చాలదా ఇదంతా?

అల్లుడు: చెప్పేది బాగానే ఉంది. ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. ముప్పై ఏండ్లు పాఠం చెప్పినావు. కలమళ్లకు పిల్లోళ్లను ఎన్నిసార్లు తీసకపోయినావు?

మామ: ...ఒకసారి.

అల్లుడు: ఒక్కసారి!

మామ: రెండోసారి బస్సు దొరకల్యా.

అల్లుడు: చూసినావా? నీ మాదిరి పెద్దోళ్లు గౌరవిస్తా ఇంట్లో కూర్చుంటే పాడుబడిన గుళ్లకు ఎవరు పోయినారు? గుప్తనిధులోళ్లు పోయినారు. నంది కింద తవ్వినారు, గర్భగుడిలో తవ్వినారు. మనుషులు తిరిగే తావున గడ్డపార పట్టుకోని ఎవడన్నా వస్తాడా? గండికోటకు జనం వచ్చినందుకే గదా కేంద్రం 77 కోట్ల పైచిలుకు ఇస్తామనింది. కోట లోపల ఉండే ఊరోళ్లు టీ అమ్ముకుంటాండారు, రాత్రికి కోడికూర వండి పెడతాండారు. ఫొటోల కోసం వచ్చినోడైనా ఆ ఇంటికి నాలుగు రూపాయలిచ్చి పోతాడు.

మామ: అది కాదనను. కానీ మాధవరాయుని గుడికి పొయ్యి చూడు. గర్భగుడిలో దేవుడు లేడు గదా అని లోపల చెప్పులు కూడా ఇడవరు. అంత గోపురం వెనక పెట్టుకొని సెల్ఫీ. ధాన్యాగారంలో బీరు సీసాలు. జుమ్మా మసీదు పక్కనే ఉన్నా దాంట్లోకి తొంగి చూసేవాడు లేడు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఎవడో కూడా తెలీదు వాళ్లకు.

అల్లుడు: నాకు తెలుసులే. ఈ కోటను ఏలే పెమ్మసాని తిమ్మానాయునికి ఇషం పెట్టించి కోట పట్టినోడే గదా.

మామ: ఎవరు చెప్పినారు?

అల్లుడు: నువ్వే! నాకు ఎనిమిదేండ్లప్పుడు, ఈ అరుగు మీదనే.

మామ: అది మా నాయన చెప్పిన కథ. 1652లో తావెర్నియే అని ఫ్రెంచి వజ్రాల బేరగాడు గండికోటకే వచ్చి మీర్ జుమ్లాను చూసిపోయినాడు. ఫిరంగులను కొండెక్కించినారని, ఐరోపావాళ్లు సాయం చేసినారని రాసినాడు.

అల్లుడు: అంటే ఇషం లేదా?

మామ: లేదని ఎప్పుడన్నాను?

అల్లుడు: ఉందంటావా?

మామ: పెమ్మసాని వాళ్ల కోట తుపాకులకు లొంగిందంటే మా నాయనకు మనసొప్పేది కాదురా. అందుకని ఇషం గట్టిగా చెప్పేవాడు. నేనూ అట్లే చెప్పినా.

అల్లుడు: ఇన్నేండ్లూ నేను ఆఫీసులో అదే చెప్తాండా మామా!

మామ: మంచికే గదా. ఇప్పుడు రెండూ చెప్పు.

అల్లుడు: ...సరే. శనివారం పొద్దున కలమళ్ల. ఎండెక్కే లోపల పుష్పగిరి. సాయంత్రానికి గండికోట, అది తప్పదు. సిద్ధవటం, ఒంటిమిట్ట ఆదివారం, వాళ్లు లేస్తే.

మామ: లేపు. కలమళ్లలో గుడి తలుపు ఎన్నింటికి తీస్తారో రేపే కనుక్కో. ఇంకోటి, కారులో నాకు చోటుంటుందా?

అల్లుడు: ముందర సీటు నీదే. కాకపోతే గండికోట దిగేదాకా ఇషం మాట ఎత్తొద్దు.