తెలిసినట్టే భావించబడును

మొన్న నేను ఒక్క పూటలో 22 సార్లు అబద్ధమాడాను. పేజీకొకటి చొప్పున, నీలం ఇంకుతో, చివర బొటనవేలు ఆనించి మరీ. ఆ అబద్ధం మీకు కొత్తదేమీ కాదు, మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఆడే ఉంటారు: "చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని, పూర్తి సమ్మతితో చేసిన సంతకము."

చదివినవాడు లేడు. వినిపించినవాడు లేడు. వినవలసిన నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా డాక్యుమెంట్ రైటర్ షాపులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, ఆధార్ జిరాక్సులో నా మొహం బొగ్గుముక్కలా ఎందుకొచ్చిందా అని చూసుకుంటున్నాను. సాక్షులిద్దరిలో ఒకరు మా బావమరిది. అతను ఆ సేపంతా ఫోన్లో ఉన్నాడు. రెండో ఆయన ఎవరో నాకిప్పటికీ తెలియదు. ఆ షాపు దగ్గరే ఉంటాడట, ఎవరికి సాక్షి కావాలన్నా వస్తాడట. నా మనస్ఫూర్తి సమ్మతిని కళ్లారా చూసినట్టు ధృవీకరించి టీ తాగి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక, ఏ బుద్ధిలేని ఘడియలోనో, ఆ దస్తావేజు చదివాను.

నేను కొన్నది మూడో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు. దాంతోపాటు కింద నేలలో 38 గజాల అవిభాజ్య వాటా. అవిభాజ్యం అంటే ఎక్కడుందో చూపించలేనిది, కొలవలేనిది, దాని మీద నిలబడి ఇది నాది అనలేనిది. పరబ్రహ్మ లాంటిది. సరే, అంతవరకు అర్థమైంది. ఆరో పేజీకి వచ్చేసరికి ఆ ఫ్లాటును నాకు "నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగములతో" అమ్మినట్టు తెలిసింది.

మర్నాడే వెళ్లి రైటరుగారిని అడిగాను, నా నిధి ఎక్కడండీ అని.

"అది ఫార్మాట్ సార్" అన్నాడాయన.

"జలం?"

"మంజీరా కనెక్షన్ ఉంది కదా సార్."

"పాషాణం?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "కిచెన్ ప్లాట్‌ఫారం గ్రానైటే కదా సార్" అన్నాడు. అక్షిణి అంటే ఏమిటని అడిగితే మాత్రం కంప్యూటర్ వైపు తిరిగి, నాన్నగారి టైం నుంచి ఉందండీ ఆ మాట, తీసేస్తే పార్టీలు ఊరుకోరు అన్నాడు. పార్టీలు ఊరుకోరట! ఆగామి అంటే భవిష్యత్తులో రాబోయే లాభం అని, సాధ్యం అంటే ఇకముందు పండించుకోగల పంట అని నాకు తర్వాత తెలిసింది. నా బాల్కనీలో తులసి మొక్క ఒకటుంది. అది ఆగామో సాధ్యమో తేల్చుకోలేక ఉన్నాను.

నిధి సంగతి ఇంకా పెద్ద చిక్కు. 1878 నాటి నిధుల చట్టం ఒకటుంది, దాని ప్రకారం పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుగారికి రాతపూర్వకంగా తెలపాలి. నిధి అంటే నేలలో దాగినదే కాదు, నేలకు అతుక్కుని ఉన్నదాంట్లో దాగినది కూడా. అంటే నా గోడలూ లెక్కే. దస్తావేజేమో నిధిని నాకు అమ్మేసింది, చట్టమేమో దొరికితే ముందు నాకు చెప్పు అంటోంది. రేపు ఫాల్స్ సీలింగ్ విప్పితే ఎలక్ట్రీషియన్ మర్చిపోయిన ఇరవై రూపాయల నోటు దొరికిందే అనుకోండి, నేను కలెక్టరేటుకు వెళ్లాలా, అష్టభోగాల కింద జేబులో వేసుకోవాలా? రైటరుగారు నవ్వలేదు. "మీకు నిధి కాలమ్ వద్దంటే చెప్పండి సార్, రెక్టిఫికేషన్ డీడ్ చేద్దాం, మళ్లీ ఛార్జ్ ఉంటది" అన్నాడు.

హద్దులు మాత్రం నాకు నచ్చాయి. తూర్పు: ఓపెన్ టు స్కై. దక్షిణం: ఓపెన్ టు స్కై. పడమర: కారిడార్. ఉత్తరం: లిఫ్టు, మెట్లు. మా తాతగారి పొలానికి తూర్పు హద్దు పుంత, ఉత్తరం హద్దు చింతచెట్టు ఉండేవి. నాకు తూర్పు హద్దు ఆకాశం. పక్కవాడు గట్టు జరిపాడని కోర్టుకెక్కే బాధ లేదు.

ఇదంతా హాస్యంగా ఉందనుకుంటే, ఇప్పుడు చట్టంగారి హాస్యం వినండి. ఆస్తి బదిలీ చట్టం, 1882. అందులో మూడో సెక్షన్, నోటీసు అనే మాటకు అర్థం చెబుతుంది. ఒక సంగతి మనకు నిజంగా తెలిస్తే నోటీసు ఉన్నట్టు. బాగుంది. విచారిస్తే తెలిసి ఉండేదే, కానీ మనం కావాలని విచారించలేదు, లేదా ఘోరంగా నిర్లక్ష్యం చేశాం, అప్పుడూ నోటీసు ఉన్నట్టే. ఇక ఆ ఆస్తి మీద రిజిస్టరైన దస్తావేజు ఉంటే, కొనేవాడు చూశాడా లేదా అన్నది ఎవరికీ అక్కర్లేదు, రిజిస్టరైన నాటి నుంచి తెలిసినట్టే. లాయర్లు దీన్ని కన్‌స్ట్రక్టివ్ నోటీస్ అంటారు. నాకు తెలియనివన్నీ నాకు తెలుసు అన్నమాట. ఋషులు తపస్సు చేసి సంపాదించిన సర్వజ్ఞత్వం, స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు 7.5 శాతానికి వచ్చేస్తోంది.

తెలుసుకోవడానికి మనకున్న సాధనం ఈసీ. పూర్తి పేరు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద అప్పులూ అమ్మకాలూ ఏమున్నాయో చెప్పే కాగితం. నిల్ ఈసీ వచ్చిందని స్వీట్లు పంచినవాళ్లను నేనెరుగుదును. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. నోటిఫై చేసిన పట్టణాల్లో ఒరిజినల్ దస్తావేజులు తీసుకెళ్లి అప్పిచ్చినవాడి చేతిలో పెడితే చాలు, చట్టప్రకారం తాకట్టు అయిపోతుంది. కాగితం రాసుకోకపోతే ఈసీకి ఆ ఊసే తెలియదు. నిల్ అంటే అప్పు లేదని కాదు, అప్పు సంగతి మాకెవరూ చెప్పలేదని. చట్టం దృష్టిలో నాకన్నీ తెలుసు. తనకు తెలియనిది తెలియదని చెప్పుకునే హక్కు ఈసీకి ఒక్కదానికే ఉంది.

అగ్రిమెంట్ రాసుకోగానే ఇల్లు మాదే అని గృహప్రవేశం ముహూర్తం పెట్టించుకునే బంధువులు ప్రతి ఇంట్లో ఉంటారు. అమ్మకపు ఒప్పందం దానంతటదే ఆస్తిలో ఏ హక్కూ పుట్టించదని 54వ సెక్షన్ చెబుతుంది. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే యజమాని తన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికారపత్రం) మీద కొన్నాం, చవగ్గా వచ్చింది అనేవాళ్లుంటారు. జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ లాంప్ కేసులో చెప్పేసింది. ఆ తీర్పు కూడా వీళ్లందరికీ తెలిసినట్టే. సూపర్ బిల్టప్ ఏరియా గురించి నేను మాట్లాడను. మెట్లను, లిఫ్టును, వాచ్‌మన్ గదిని అడుగుల లెక్కన నాకు అమ్మిన మనిషి రోజూ అదే లిఫ్టులో కనబడి నమస్కారం పెడుతున్నాడు.

ఇంతవరకు నేను నవ్వుతూనే రాశాను. ఇన్సూరెన్స్ దగ్గరకు వచ్చేసరికి నవ్వు రావడం లేదు, కానీ మొదలుపెట్టాను కాబట్టి పూర్తి చేస్తాను.

ఇన్సూరెన్స్ చట్టానికి పునాది అని చెప్పే సూత్రం ఒకటుంది: పరమ సద్విశ్వాసం. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు ఏదీ దాచకూడదు. ఇంగ్లండులో 1766లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఇచ్చిన తీర్పు దీనికి మూలం. సుమత్రాలో ఒక కోట మీద తీసుకున్న పాలసీ, ఫ్రెంచివాళ్లు కోటను పట్టుకున్నారు, అన్నీ చెప్పలేదు కాబట్టి డబ్బివ్వను అన్నాడు బీమా ఇచ్చినవాడు. ఆ కేసులో గెలిచింది పాలసీదారుడు. ఆ సంగతి మాత్రం ఏ రిజెక్షన్ లెటర్లోనూ రాయరు.

మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య. ఒక జీవిత బీమా పాలసీ తీసుకున్నాడు. ఏజెంటు మా వీధివాడే. వాళ్లింటి హాల్లో కూర్చుని, ట్యాబ్ తీసి, ఇంగ్లీషు ఫారం తెరిచాడు. వదిన టీ తెచ్చింది. అన్నయ్యకు చక్కెర లేకుండా, ఏజెంటుకు రెండు చెంచాలతో. "అన్నయ్యా, ఈ హెల్త్ కాలమ్స్ అన్నీ నో కొట్టేద్దాం, ఎస్ అంటే మెడికల్స్ అంటారు, లేటవుద్ది" అన్నాడు వాడు, ఆ చక్కెర లేని టీ ఎదురుగా పెట్టుకుని. తర్వాత "ఓటీపీ వచ్చిందా అన్నయ్యా?" అన్నాడు. అన్నయ్య ఆరంకెలు చదివాడు. ఆ ఆరంకెలతో పద్నాలుగు పేజీల ఇంగ్లీషును చదివి, మాతృభాషలో వివరించగా విని, పూర్తిగా అర్థం చేసుకున్నట్టు లెక్క. తర్వాత బాండు కొరియర్లో వచ్చింది. నచ్చకపోతే తిప్పి పంపడానికి 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది. వాళ్లు దాన్ని బీరువాలో పెళ్లిచీర కింద భద్రంగా పెట్టారు. అంతకంటే గౌరవమైన చోటు ఆ ఇంట్లో లేదు.

రెండేళ్ల ఏడు నెలలకు అన్నయ్యను లారీ గుద్దింది. మనిషి పోయాడు. క్లెయిము పెడితే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మెటీరియల్ ఫ్యాక్ట్‌ను, అంటే కంపెనీకి చెప్పి తీరవలసిన ముఖ్యమైన సంగతిని, ఇక్కడ మధుమేహాన్ని, దాచిపెట్టి మోసం చేసినందున క్లెయిము తిరస్కరించడమైనది. గుద్దిన లారీకి షుగర్ ఉందో లేదో ఎవరూ అడగలేదు.

వదిన టైలరింగ్ చేస్తుంది. ఆ ఉత్తరం పట్టుకుని నన్నడిగింది: "మెటీరియల్ అంటే నాకు తెలిసింది బ్లౌజు గుడ్డే. మేమేం దాచాం?"

1938 ఇన్సూరెన్స్ చట్టం, 45వ సెక్షన్. మూడేళ్లు నిండిన పాలసీని ఏ కారణం మీదా ప్రశ్నించడానికి వీల్లేదు. మా అన్నయ్య అయిదు నెలలు తొందరపడ్డాడు. చావడంలో కూడా ప్లానింగ్ లేని మనిషి. మోసం కాదు, పొరపాటు అని తిరస్కరిస్తే కట్టిన ప్రీమియం 90 రోజుల్లో వెనక్కివ్వాలి. మోసం అంటే అదీ ఇవ్వక్కర్లేదు. కాబట్టి మోసం అన్నారు. మోసం కాదని ఎవరు నిరూపించాలి? పాలసీదారుడు బతికి లేకపోతే ఆ డబ్బు రావలసినవాళ్లు నిరూపించాలని చట్టంలోనే ఉంది. అంటే వదిన. చచ్చిపోయిన మొగుడి మనసులో ఆ రోజు ఏముందో, కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి నిరూపించాలి! సిగ్గుండాలి కదండీ ఎవరికైనా. పాలసీ అమ్మేటప్పుడు ప్రతి పుట్టినరోజుకూ మెసేజ్ పంపిన కంపెనీకి, అప్పుడు ఒక్క రక్తపరీక్ష చేయించడానికి చేతులు రాలేదు. మనిషి పోయాక మాత్రం ఏ మందులషాపులో ఏ మాత్ర కొన్నాడో బిల్లుతో సహా తవ్వి తీయడానికి మనుషులున్నారు, టైముంది, జీతాలున్నాయి.

ఇంకో మాట కూడా ఆ సెక్షన్లోనే ఉంది, దాన్ని ఎవరూ ఉత్తరాల్లో రాయరు కాబట్టి నేను రాస్తాను. పాలసీ కోసం తిరిగి, మాట్లాడి, ఒప్పించినవాడు, ఆ ఒప్పందం కుదిరే వరకు, కంపెనీ తరఫు మనిషిగానే భావించబడును. భావించబడును! చక్కెర లేని టీని ఏజెంటు చూశాడు. ఏజెంటు కంపెనీ మనిషి. మరి కంపెనీకి తెలిసినట్టు ఎందుకు భావించబడదు? నా ఫ్లాటు మీద ఎప్పుడో ఎవరో రిజిస్టర్ చేసిన కాగితమంతా నాకు తెలిసినట్టే అంటున్నారు కదా. వాళ్ల మనిషి కళ్ల ముందు పెట్టిన గ్లాసు వాళ్లకు తెలియదా?

ఏజెంటు ఇప్పుడు వేరే కంపెనీకి పనిచేస్తున్నాడు. వీధిలో కనిపిస్తే "బాధగా ఉంది వదినా" అంటాడు.

కంపెనీకి మళ్లీ రాశాం. నెల దాటింది, జవాబు లేదు. ఇక హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల లోపు వివాదాలు వింటారు. మొన్న ఆదివారం ఫిర్యాదు టైపు చేయించి పట్టుకెళ్లాను. చివరి పేజీ తీసి, వదినా ఇక్కడ సంతకం అన్నాను, రైటరుగారి గొంతుతో.

ఆమె పెన్ను తీసుకోలేదు. మిషను ఆపి, చేతికంటిన సుద్ద తుడుచుకుని, "చదువు. వింటా" అంది.

చదివాను. మొదటి పేజీ సగంలో ఆపింది. "రిపుడియేషన్ అంటే?"

"ఇవ్వం అనడం."

"అలా రాయొచ్చుగా మరి."

పెన్నుతో కొట్టేసి, పైన తెలుగులో "ఇవ్వం అన్నారు" అని రాశాను. ఆమె వంగి ఆ రెండు మాటలూ చూసుకుని, "ఊఁ, తర్వాత" అంది. రెండో పేజీ తిప్పాను.