బర్త్ సర్టిఫికెట్ దగ్గరికొచ్చేసరికే ఎందుకు ఆగుతోంది?

మిగతా కాగితాలన్నీ మార్చుకున్న ఒక ట్రాన్స్ మహిళ బర్త్ సర్టిఫికెట్ కూడా మార్చమని అడిగితే రిజిస్ట్రార్ కుదరదన్నాడు, చివరికి ఆమె కర్ణాటక హైకోర్టు దాకా వెళ్లి 2024 డిసెంబరులో గెలిచింది. ఇక్కడ రిజిస్ట్రార్‌ని తిట్టేసి ఊరుకుంటే పని జరగదు. ఆయన చేతిలో ఉన్నది 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, అందులో సెక్షన్ 15 ప్రకారం ఎంట్రీ తప్పుగా పడితేనో మోసంతో పడితేనో సరిచేయొచ్చు, అంతే. పుట్టిన రోజు ఆస్పత్రి వాళ్లు చూసి మగబిడ్డ అని రాశారు, ఇందులో తప్పేముంది అని ఆయన అడిగితే ఆ చట్టంలో జవాబు లేదు మరి.

జవాబున్నది 2019 ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టంలో. కలెక్టర్ జెండర్ గుర్తింపు సర్టిఫికెట్ ఇస్తే అధికారిక పత్రాలన్నిట్లో జెండర్ దాని ప్రకారమే ఉండాలి, బర్త్ సర్టిఫికెట్‌లో పేరు మార్చుకునే హక్కు కూడా ఉంటుంది అని రాశారు, 2020 రూల్స్‌లో అయితే అప్లికేషన్ పెట్టాక ఆ మార్పు చేసివ్వడానికి 15 రోజుల గడువు కూడా పెట్టారు. (ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు మీద ఇచ్చిన 2014 నల్సా తీర్పులో సుప్రీంకోర్టు ఆపరేషన్ కోసం పట్టుబట్టకూడదంటే, ఈ చట్టం మగ లేదా ఆడ అని రాయించుకోడానికి మళ్లీ ఆపరేషనే అడిగింది, అది వేరే పంచాయితీ.) ఇంత రాసినవాళ్లు 1969 చట్టం జోలికి మాత్రం పోలేదు, ఈ రెండు చట్టాల మధ్య నలిగేది అప్లికేషన్ పెట్టుకున్న మనిషే.

హైకోర్టు చట్టాన్ని సవరించమంది, అప్పటిదాకా పాత పేరూ జెండరూ, కొత్తవీ రెండూ చూపిస్తూ సర్టిఫికెట్ ఇమ్మంది. ఏమీ లేనిదానికంటే ఇది నయమే, కానీ రెండో సగం మాకు మింగుడు పడట్లేదు, ఎందుకంటే అద్దె ఇంటికో ఉద్యోగానికో ఆ కాగితం చూపించిన ప్రతిసారీ తన కథంతా ఎదుటివాడికి చెప్పుకున్నట్టే కదా. అసలు రిజిస్టర్‌లో పాత ఎంట్రీ ఉండనివ్వండి, ఆస్తి తగాదాలొస్తే కోర్టు చూసుకుంటుంది, చేతికిచ్చే కాపీలో మాత్రం అది అక్కర్లేదు. దత్తత పిల్లలకి పెంచినవాళ్లనే తల్లిదండ్రులుగా రాసి బర్త్ సర్టిఫికెట్ ఇస్తున్నది ఇవే ఆఫీసులు, కాబట్టి పద్ధతి తెలీదనే మాట చెల్లదు. బ్రిటన్‌లో 2004 జెండర్ గుర్తింపు చట్టం కింద గుర్తింపు వచ్చినవాళ్లు కొత్త బర్త్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు, అందులో పాత వివరం కనపడదు.

మన దగ్గర ఇన్నాళ్లూ పుట్టిన తేదీ అంటే టెన్త్ మెమోనే, అందుకే బర్త్ సర్టిఫికెట్‌ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి అలా నడవదు, స్కూల్ అడ్మిషన్, లైసెన్స్, ఓటరు లిస్టు, పెళ్లి రిజిస్ట్రేషన్, ప్రభుత్వ ఉద్యోగం అన్నిటికీ అదే ఆధారమని పార్లమెంటు తేల్చేసింది, అంటే ఈ పిల్లల్లో ట్రాన్స్ అయినవాళ్లకి ఆ ఒక్క కాగితం మారకపోతే ఏదీ ముందుకి కదలదు.

కర్ణాటక తీర్పు మన రిజిస్ట్రార్లని కట్టిపడెయ్యదు. కాకపోతే నమోదు చట్టం కింద రూల్స్ రాసుకునే అధికారం రాష్ట్రాలకుంది, కేంద్రం ఆమోదం తీసుకోవాలంతే. తెలంగాణ హైకోర్టు నిజాం కాలం నాటి యూనక్స్ చట్టాన్ని (హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించి నిఘా పెట్టే చట్టం) 2023లో కొట్టేసేదాకా దాన్ని ఏ ప్రభుత్వమూ రద్దు చేయలేదు, ఈసారీ కోర్టు చెప్పేదాకా చూస్తూ కూర్చోకుండా రెండు తెలుగు ప్రభుత్వాలూ చేతికిచ్చే కాపీలో కొత్త వివరాలే ఉండాలని ముందే రూల్ రాయాలి, మున్సిపాలిటీ నుంచి పంచాయతీ సెక్రటరీ దాకా సర్క్యులర్ పంపాలి.