దండలు కళాకారుడికి, కరపత్రాలు కాటాకు

మరమ్మతుల పేరుతో ఒక పురపాలక హాలును ఖాళీ చేశారు. రంగస్థలం వెనుక గదిలో దశాబ్దాలుగా పేరుకున్న కచేరీ కరపత్రాలను, ఆహ్వాన పత్రికలను, ఉత్సవాల కార్యక్రమ పుస్తకాలను మూటలు కట్టి పాత కాగితాల కొట్టుకు తూకం వేశారు. ఆ ఊరి పేరు మేము రాయడం లేదు. మొహమాటం వల్ల కాదు, ఈ పని చేయని ఊరు ఫలానా అని చూపించగల ధైర్యం లేక. అదే హాలు అద్దె రసీదులు మాత్రం ఆడిట్ వారు అడుగుతారు కనుక భద్రంగా ఉన్నాయి. ఎంత వసూలైందో అడిగే ఆడిట్ ఉంది గాని, ఎవరు పాడారో అడిగే ఆడిట్ లేదు.

పాత కచేరీ కరపత్రాన్ని చేతిలోకి తీసుకుని చూసిన వారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. వెలిసిన గులాబీ రంగు కాగితం, పైన శ్రీరస్తు, కింద తేదీ, వేళ, గాత్రం ఎవరు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఎవరు, ఖర్చు భరించిన దాత ఎవరు, అన్నిటికన్నా అడుగున అచ్చువేసిన ప్రెస్సు పేరు, ఊరు. ఆ ఆఖరి వరుసను కూడా మనం ముచ్చటపడి పెట్టుకున్నది కాదు. అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరు ఉండాలని 1867లో తెల్లదొరల చట్టం విధించిన షరతు. గాయకుడి పేరు ఎలాగూ నిలుస్తుంది, ఆయనకు బిరుదులూ సన్మాన సంచికలూ ఉంటాయి. జీవితమంతా పక్కవాద్యానికే పరిమితమైన ఘటం విద్వాంసుడికి, హరికథకు హార్మోనియం వాయించిన మనిషికి ఈ ప్రపంచంలో మిగిలిన అచ్చు ఆధారం చాలా సందర్భాల్లో ఆ ఒక్క కాగితమే. దాన్ని కాటాలో వేయడమంటే ఆ మనిషి వేదికెక్కలేదని తీర్మానించడమే.

బెజవాడ సంగతే చూడండి. త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యులను తయారుచేసిన ఊరది. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రం వచ్చాక విద్వాంసుల రాకపోకలతో కళకళలాడిన ఊరది. ఆ ఊళ్లోనే త్యాగరాజ ఆరాధనలో బాలమురళీకృష్ణ తొలి పూర్తిస్థాయి కచేరీ చేసింది ఎనిమిదేళ్ల వయసులోనని ఒకరు రాస్తారు, అంతకు పైబడ్డాకనని మరొకరు రాస్తారు. ఇంత పేరున్న విద్వాంసుడి తొలి కచేరీ విషయంలోనే ఈ గందరగోళం ఉంటే, పేరు రానివారి సంగతి చెప్పాలా? ఆనాటి కరపత్రం ఒక్కటి అందరికీ అందుబాటులో ఉంటే ఈ వాదనకు ఐదు నిమిషాల్లో తెరపడేది.

ఇదే నగరంలోని తుమ్మలపల్లివారి కళాక్షేత్రానికి క్షేత్రయ్య పేరు పెట్టుకున్నాం. నాలుగు వేలకు పైగా పదాలు కట్టాడని చెప్పుకునే ఆ వాగ్గేయకారుడివి మనకు దక్కినవి మూడు నాలుగు వందలకు మించవు. తక్కినవి ఎవరూ భద్రపరచకనే పోయాయి. అన్నమయ్య సంకీర్తనలు వేల సంఖ్యలో మిగిలాయంటే ఆయన కొడుకూ మనుమడూ రాగిరేకులకెక్కించి తిరుమల గుడిలో దాచినందువల్లనే. ఈ రెండు ఉదంతాలూ ప్రతి సాంస్కృతికోత్సవ వేదిక మీదా మన నాయకుల ప్రసంగాల్లో వినబడతాయి. వేదిక దిగాక వారి ఏలుబడిలోని హాళ్లలో కాగితాలు ఏమవుతున్నాయో అడిగిన నాయకుడు మాకింతవరకు తారసపడలేదు. మా అభ్యంతరం నిర్లక్ష్యం మీద కన్నా ఈ కపటం మీదే ఎక్కువ.

తాగునీరు, మురుగు కాలువలు, వీధి దీపాల తరువాతే ఇవన్నీ అని, పురపాలక సంఘాల వద్ద నిధులు లేవని వాదించేవారున్నారు. నిధుల మాట ఎత్తకపోతేనే వారికి మర్యాద. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సును ఇదే స్థానిక సంస్థలు ప్రజల నుంచి ముక్కుపిండి వసూలు చేస్తున్నాయి. దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయడానికి వచ్చేసరికి బకాయిలు పేరుకుపోవడం రాష్ట్రంలో ఎవరికీ కొత్త వార్త కాదు. అక్షరం పేరుతో తీసుకున్న సొమ్మును దగ్గర ఉంచుకుని, అక్షరం ఉన్న కాగితాన్ని తూకానికి అమ్మి, పైన సంస్కృతి గురించి ఉపన్యసించడం మూడు రకాల కపటం.

బ్రిటన్, ఐర్లండ్ గ్రంథాలయాల్లో చెల్లాచెదురుగా ఉన్న కచేరీ పత్రాల సేకరణలను వెతికి జాబితా చేసే పనిని కార్డిఫ్ విశ్వవిద్యాలయం, లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ కలిసి 2004లో చేపట్టి మూడేళ్లు నడిపాయి. అంత దూరం పోనక్కరలేదు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1930 నుంచి తన పత్రికను వెలువరిస్తూ, తన సదస్సుల్లో ఏం జరిగిందో అందులో నమోదు చేస్తూ వచ్చింది. అది సభ్యులు నడుపుకునే సంస్థ. ప్రజల సొమ్ముతో నడిచే మన హాళ్లకు ఆ మాత్రం బాధ్యత లేదా?

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. హాలు అద్దెకిచ్చేటప్పుడు తీసుకునే ధరావతును, కార్యక్రమ పత్రం రెండు ప్రతులు అందాకే తిరిగి ఇస్తామని ఒక షరతు చేర్చాలి. ఒక ప్రతి హాలులో, ఒకటి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉండాలి. ఈ రోజుల్లో ఆహ్వానం వాట్సాప్‌లో తిరిగి మాయమవుతోంది కనుక, అచ్చు వేయని వారి చేత ఒక కాగితం మీద వివరాలు రాయించి సంతకం తీసుకోవాలి. ఆస్తి పన్ను దస్తావేజులు ఎక్కించే స్కానరే వీటికీ సరిపోతుంది. పాత సభల కార్యదర్శుల ఇళ్లలో, విద్వాంసుల కుటుంబాల ట్రంకు పెట్టెల్లో మిగిలినవాటిని రసీదు ఇచ్చి తీసుకుని, నకలు చేసుకుని తిరిగి అప్పగించాలి. అన్నిటికన్నా ముందు, మరమ్మతులు తలపెట్టిన ఏ హాలులోనూ గ్రంథాలయాధికారి చూడనిదే ఒక్క బీరువా కూడా కదలరాదని పురపాలక శాఖ వెంటనే ఉత్తర్వు ఇవ్వాలి.

ఈ ఉత్తర్వుకు పైసా ఖర్చు లేదు కనుక నిధుల సాకు ఇక్కడ చెల్లదు. ఏళ్లుగా గ్రంథాలయ సెస్సు కింద ఎంత వసూలు చేశారో, ఎంత జమచేశారో ప్రతి నగరపాలక సంస్థా వచ్చే కౌన్సిల్ సమావేశంలో లెక్క చెప్పాలి. ఆ లెక్క చెప్పలేని మేయర్లు, కమిషనర్లు వచ్చే ఆరాధనోత్సవాలకు ముఖ్య అతిథులుగా వెళ్లకుండా ఇంటిపట్టున ఉంటే మంచిది.