లవణారెడ్డి గారి పన్ను

ఇది రాస్తుంటే నా కింది పెదవి ఇంకా నా స్వాధీనంలోకి రాలేదు. ఇందాక టీ తాగితే సగం నేను తాగాను, సగం చొక్కా తాగింది.

మా వదిన చేసిన మణుగుబూలు, అదే జంతికలు, కొరికితే దవడ పన్ను చెక్క లేచిపోయింది. రూట్ కెనాల్ పోయిన వారమే అయింది. ఇవాళ పన్ను అరగదీసి క్యాప్‌కి అచ్చు తీస్తామంటే నెల్లూరు ట్రంకురోడ్డు పక్క సందులో ఉండే క్లినిక్‌కి పోయాను. యాప్‌లో పదకొండున్నరకి టోకెన్ ఇచ్చి ఒంటిగంటకి పిలిచారు. దాని సంగతి మొదలుపెడితే అదే ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేద్దాం.

ఆ గంటన్నరా ఫోన్‌లో మాయాబజార్ చూస్తూ కూర్చున్నాను. పిలిచేసరికి చిన్నమయ శిష్యులకి పాఠం చెప్పే సీను నడుస్తోంది, మధ్యలో ఆపడానికి మనసు రాక ఫోన్ పట్టుకునే పోయి కుర్చీలో వాలాను. డాక్టరు కుర్రాడే, ముప్పై దాటి ఉండవు. "ఏం చూస్తున్నారంకుల్?" అన్నాడు. నన్ను ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఇంట్లో ఎవరూ మిగల్లేదు, ఒకసారి అడిగినవాళ్ళు మళ్ళీ అడగరు. నేను ఆ చిన్నమయ వేషం వేసిన పాతకాలం హాస్యనటుడు రమణారెడ్డి అభిమానిని. మామూలు అభిమానిని కాదు. మా నెల్లూరు జిల్లా జగదేవిపేటలో పుట్టి, శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం చేసి, సినిమాల్లోకి పోయి, అవి చాలవన్నట్టు మ్యాజిక్ షోలు కూడా చేసిన మనిషి గురించి మొదటి నుంచీ చెబుదామని నోరు తెరిచాను. తెరిచిందే చాలని ఆయన సూది లోపల పెట్టాడు.

"నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యెత్తండి. మాట్లాడొద్దు, మిషన్ తిరుగుతుంటే నాలిక తెగుద్ది" అన్నాడు.

అరగదీయడం మొదలైంది. అది బాగానే జరిగింది, మంచి పనిమంతుడే, ఆ మాట అనకపోతే పాపం. కానీ ఈ పళ్ళ డాక్టర్లకి ఒక జబ్బు ఉంది. మన నోట్లో రెండు వేళ్ళూ ఒక గొట్టమూ ఒక అద్దమూ పెట్టిన తర్వాతే వాళ్ళకి మాటలు వస్తాయి. "మా తాత కూడా ఇవే చూస్తాడంకుల్. ఆ చిన్నమయగా అల్లు రామలింగయ్య భలే చేశాడు కదా" అన్నాడు.

నేను చెయ్యెత్తాను.

ఎవరైనా ఎత్తుతారు. అల్లు వారంటే నాకు గౌరవమే, అదే సినిమాలో వంగర వారితో కలిసి శర్మ, శాస్త్రుల జంటగా ఆయన చేసిన గోల ఆయనకి ఉంది. అంతమాత్రాన పక్కవాడి కిరీటం తీసి ఆయన నెత్తిన పెడతామా? అయితే ఆ గదిలో ఎత్తిన చేతికి ఒక్కటే అర్థం. అభిప్రాయభేదానికి వేరే సైగ ఏమీ పెట్టలేదు. "నొప్పా? అయ్యో" అంటూ ఇంకో ఇంజెక్షన్ ఇచ్చాడు. దాంతో నాలిక కూడా సెలవు పెట్టేసింది.

గొట్టం తీసిన సందులో ఎట్లాగో "లమణాలెడ్డి" అన్నాను. పక్కన అచ్చు పిండి పిసుకుతున్న అసిస్టెంట్ అక్క మన మనిషే, పట్టేసింది. "రమణారెడ్డి అంటా ఉండాడు సార్" అంది. ఆ అక్క చల్లగా ఉండాలి.

"ఓ, ఆయనా! రేలంగి పక్కన సన్నగా ఉంటాడే, సైడ్ క్యారెక్టర్" అని, పిండి నింపిన ట్రే తీసి నా దవడకి అదిమి, "మూడు నిమిషాలు కదలొద్దంకుల్" అన్నాడు.

మూడు నిమిషాలు. సైడ్ క్యారెక్టర్ అనే మాట చెవిలో, అరచెయ్యంత ట్రే నోట్లో. ఆ పిండికి పుదీనా వాసన ఒకటి, అప్పటి నుంచీ పచ్చడి పేరెత్తితే దడగా ఉంది. గోడ మీద గడియారం ఉంది, సెకన్ల ముల్లు లేదు. పైన లైటు మొహం మీదికి కొడుతోంది. నా లోపల ఉపన్యాసం మాత్రం ధారగా పోతోంది. ఏమయ్యా, 1955లో మిస్సమ్మలో అప్పు వంక పెట్టుకుని సావిత్రి వెంట పడే డేవిడ్‌ని చూశావా, నవ్వూ వస్తుంది, ఒకటి పీకాలనీ అనిపిస్తుంది, ఆ రెండూ ఒకేసారి తెప్పించడం సైడ్ క్యారెక్టర్ వల్ల అవుతుందా? అదే ఏడాది రోజులు మారాయిలో కరణం సాంబయ్యని చూడు, మా ఊళ్ళో మా నాయన పొలం కాగితాల కోసం తిరిగినన్నాళ్ళూ ఎదురుపడిన మనుషులందరూ ఆ ఒక్క మొహంలో కనపడతారు. గుండమ్మ కథలో సూర్యకాంతం ఎదుట నిలబడి ఆ గొంతుకి ఎదురు కనపడటం అంటే మాటలా, గంటయ్య నిలబడ్డాడు. రేలంగి గారు గుండ్రంగా ఉన్నారు కాబట్టి ఈయన సన్నం కనపడింది, ఈయన సన్నంగా ఉన్నాడు కాబట్టి ఆయన గుండ్రం కనపడింది, ఇందులో పక్కన ఎవరు, నడుమ ఎవరు? ఇక చిన్నమయ దగ్గరికొస్తే, ఎదురుగా ఘటోత్కచుడిగా ఎస్.వి. రంగారావు, గదతో సహా తెర నిండా ఆయనే. ఆయన ముందు ఈ సరుగుడు కట్టెలాంటి మనిషి గురువు. గురువులాగే ఉంటాడు కూడా! ఆ మోచేతులు చూడు, ఆ మెడ చూడు, మాట రాకముందే మోచెయ్యి వస్తుంది.

ఇదంతా లోపలే. బయటికి వచ్చింది "గ్ర్ గ్ర్" అనే చప్పుడు ఒక్కటే.

"ఊపిరాడతా ఉందా అంకుల్?" అన్నాడు. ఆడుతోంది నాయనా, ఆడనిది మాట. సరే, మాట కాకపోతే నటనతో చెబుదామనుకున్నాను. ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. బుగ్గలు లోపలికి పీల్చి, మెడ సాగదీసి, రెండు మోచేతులూ బయటికి పెట్టి, కుర్చీలో పడుకుని ఉండగానే నాకు చేతనైనంత రమణారెడ్డిని చూపించాను. నేను తొంభై రెండు కిలోలు. చూసేవాళ్ళకి ఏం కనపడి ఉంటుందో ఇప్పుడు ఊహించుకుంటే పెదవి మొద్దుబారింది కాబట్టి సరిపోయింది, లేకపోతే కొరుక్కునేవాణ్ణి. అక్క పిండి గిన్నె కింద పెట్టి నా కాళ్ళు పట్టుకుంది, ఫిట్స్ అనుకుందట. డాక్టరు కుర్చీ లేపాడు. నేను గాబరాగా ఏదో అనబోయాను. ఏమనబోయానంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ పాఠంలో శిష్యులకి నోరు తిరగని మాటే నాకూ అప్పుడే గుర్తు రావాలా? దుష్టచతుష్టయం. ఆ అసురుల నోట్లో ట్రే లేకుండానే ఆ మాట పలకలేదు. నాకు "దు" దగ్గరే ట్రే కదిలింది, "చతు" దగ్గర పక్కకి ఒరిగింది, మిగతాది డాక్టరు చొక్కా మీద పడింది.

ట్రే తీసి లైటు కింద పెట్టి తిప్పి తిప్పి చూశాడు. నాలిక అచ్చు పడింది. బుగ్గ అచ్చు పడింది. పన్ను ఒక్కటే పడలేదు.

"మళ్ళీ తీయాలంకుల్. ఇవాళ్టికి మెటీరియల్ అయిపోయింది, గురువారం రండి" అన్నాడు. మెటీరియల్ అయిపోవడం ఏంది, అది క్లినిక్కా, నాలుగు గంటలకి బజ్జీల బండా? అడుగుదామంటే నోరేదీ.

కౌంటర్ దగ్గర అమ్మాయి తలెత్తకుండా "పేరు" అంది. యాప్‌లో నా పేరు, వయసు, ఫోన్ నంబర్, బీపీ, షుగర్ అన్నీ నింపాను కదమ్మా అనబోతే, అది వేరే సిస్టమ్, బిల్లింగ్ వేరే సిస్టమ్ అంది. అప్పటికి డాక్టరు చొక్కా తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, "నిజంగా అల్లు రామలింగయ్య కాదాండీ?" అన్నాడు. ఆయన వైపు తిరిగి, వేలు చూపించి, ఉన్న బలమంతా పెట్టి చెప్పాల్సిన ఆ ఒక్క పేరూ చెప్పాను. వెనకాల కీబోర్డు టకటకమంది.

బిల్లు 700. పేషెంట్ పేరు లవణారెడ్డి. మార్చమ్మా అంటే ఒకసారి సేవ్ అయినాక మారదు, ఆధార్ జిరాక్స్ తెస్తే మేనేజర్ చూస్తాడు, మేనేజర్ సోమవారం వస్తాడు అంది. ఆఫీసులో ఈ బిల్లు పెడితే లవణారెడ్డి మీకేమవుతాడని అడుగుతారు.

ఇదిగో, ఇప్పుడే మెసేజ్ వచ్చింది. లవణారెడ్డి గారూ, మీ అనుభవానికి ఐదులో ఎన్ని స్టార్లు ఇస్తారు అంట.