నీతులు మాకు, శాలువాలు వాళ్లకు

ఈ పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ వారు 'బాధ్యతాయుత వినియోగం' మీద సదస్సు పెట్టారు. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. పర్యావరణాన్ని కాపాడమని చెప్పడానికి వచ్చినవాళ్లు ఉప్మా పెట్టి చేతికిచ్చినవి ప్లాస్టిక్ చెంచాలు. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన చెంచాలవి! పంచిన గుడ్డసంచులేమో ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవర్లో. ఇలా వచ్చిన గుడ్డసంచులతో మా ఇంట్లో అలమరలో ఒక అరే నిండిపోయింది.

ఆదివారం కాబట్టి మగవాళ్లందరూ ఇళ్లలోనే ఉన్నారు. పిలిచింది మాత్రం ఆడవాళ్లను. వృథా అంతా మా చేతుల మీదుగానే జరుగుతోంది కాబోలు. "అమ్మా, బియ్యం కడిగిన నీళ్లు పారబోయకండి" అని పాతికేళ్ల అబ్బాయి మైకులో చెబుతుంటే, నా పక్కన కూర్చున్న డెబ్బై దాటిన పిన్నిగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడ కరివేపాకు మొక్క బతుకుతున్నదే ఆ నీళ్లతో. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ఫిల్టర్ వదిలేసే నీళ్లతో గిన్నెలు కడుక్కోవాలట. ఆ బకెట్ రోజూ ఎవరు మోస్తున్నారనుకున్నారో!

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలట. చేస్తూనే ఉన్నాం నాయనా. కింద ఆటోలో రెండూ ఒకే కుప్పలో పడుతున్నాయి. వేరు చేసిన చెత్తను వేరుగానే తీసుకెళ్లాలని 2016 నాటి నిబంధనల్లోనే ఉంది, దాని సంగతేమిటని అడిగాను. "మా పని అవగాహన వరకే మేడమ్" అన్నాడు. అవగాహన! మా వంటింటి చెత్తబుట్టలోకి తొంగిచూసే సంస్థలు బోలెడు, ఆ ఆటోను ఆపి అడిగే సంస్థ ఒక్కటీ కనపడదు. పోనీ ఫంక్షన్ హాళ్లకు వెళ్లి చెప్పండి, ముప్పై రకాలు వడ్డించి సగం పారబోసే పెళ్లివారికి. అక్కడికి మాత్రం వెళ్లరు. వాళ్లే చందాలిస్తారేమో మరి.

ఇదంతా ఒక ఎత్తు. చివర్లో, నీటి పొదుపులో ఆదర్శమంటూ శాలువా కప్పింది ఎవరికనుకున్నారు? మా అసోసియేషన్ కార్యదర్శిగారికి! రోజూ రెండు కార్లను పైపు పెట్టి కడిగించే మహానుభావుడికి. నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా మోటార్లతో తోడి తెచ్చే కృష్ణా నీళ్లు ఆయన టైర్లకు అభిషేకం.

పోయిన వేసవిలో బోరు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పించుకున్నాం. ఖర్చు ఫ్లాట్లన్నింటికీ సమానం. ఒంటరిగా ఉండే పిన్నిగారికీ అంతే, రెండు కార్లవారికీ అంతే. ఫ్లాటుకో నీటి మీటరు పెట్టిద్దామని సమావేశంలో లేచి అడిగాను. "ఎందుకమ్మా, మనమంతా ఒక కుటుంబం" అన్నారు ఈయనే. అందరూ తలలూపారు. కుటుంబమే అయితే పిన్నిగారి వాటా ఆయన కట్టాల్సింది కదా! కట్టలేదు. పైగా ఆవిడ రెండు రోజులు ఆలస్యం చేస్తే నోటీసు బోర్డు మీద ఫ్లాటు నంబరు వేయించారు.

కార్యదర్శిగారూ, ఇది మీకు ఎవరో ఒకరు చూపిస్తారని తెలుసు. వచ్చే సమావేశంలో మళ్లీ మీటర్ల సంగతే అడుగుతాను. శాలువా కప్పుకునే రండి.