మామ డాలరు, నా బియ్యపుగింజ

నాకు తాగుడు లేదు, పేకాట లేదు. ప్లాస్టిక్ విమానాలు అతికించే అలవాటు ఒక్కటే ఉంది. మా ఇంట్లో మాత్రం దీన్ని కూడా ఆ రెండింటి వరసలోనే కూర్చోబెట్టారు.

తిరుపతి బైరాగిపట్టెడలో మేముండే ఇంటి వెనక వరండాలో ఒక బల్ల, ఒక లైటు, నేను. మా కొలత 1/72. అంటే ఆరడుగుల మనిషి నా దగ్గరికొచ్చేసరికి అంగుళమైపోతాడు. ఇప్పుడు బల్ల మీదున్నది మిగ్-21, జానెడు పొడవు. అసలు మిగ్ 1963లో మన వాయుసేనలో చేరి, 2025 సెప్టెంబరులో రిటైరైంది. అది సర్వీసులో ఉండగానే నాదాన్ని పూర్తి చేయాలని పట్టుపట్టాను. దానికి వీడ్కోలు చెప్పేసినా నాదానికి ఇంకా రంగు పడలేదు. కారణం ఎయిర్‌బ్రష్.

ఎయిర్‌బ్రష్ అంటే పెన్నులా పట్టుకునే చిన్న స్ప్రే గన్ను. దాని ముక్కున ఇత్తడి నాజిల్ ఉంటుంది, బియ్యపుగింజంత. దాని చివర రంధ్రం 0.3 మిల్లీమీటర్లు. అందులో వెండి రంగు ఎండి బిగుసుకుంది. నేను తెలివిగా కుట్టుసూదితో పొడిచాను. రంగు కదల్లేదు కానీ రంధ్రం నోరు తెరిచింది. ఆ తర్వాత రంగు చిమ్మమంటే ఉమ్మడం మొదలుపెట్టింది. కొత్త నాజిల్ తెప్పించుకుని, దీన్నిక సూదితో తాకనని ఒట్టు పెట్టుకుని, అల్ట్రాసోనిక్ క్లీనర్ కొనాలని తీర్మానించాను.

కొనడానికి నెల పట్టింది. అరచేతిలో పట్టే బుల్లి డబ్బాలున్నాయి. పేరు అల్ట్రాసోనిక్కే, లోపల మాత్రం సెల్‌ఫోను వణికినట్టు వణికే మోటారు, అంతే. వాటిని పక్కన పెట్టాను. నగలకనీ కళ్ళద్దాలకనీ అమ్మే అరలీటరువి ఉన్నాయి, వాటిలో చాలావాటికి హీటరుండదు. ఆపైన స్టీలు తొట్టి, హీటరు, జాలీ బుట్ట, టైమరు తిప్పే గుండీ ఉన్న రెండు లీటర్లది. తొట్టి కొలతలకు అట్టముక్కలు కత్తిరించి, అందులో మిగ్ రెక్క పడుతుందా, ఎయిర్‌బ్రష్ పడుతుందా అని రోజూ రాత్రి పెట్టి చూసుకునేవాణ్ణి. మా ఆవిడ మా మేనమామ కూతురే. గుమ్మంలో నిలబడి చూసి చూసి, "నన్ను చేసుకునేటప్పుడు ఇందులో సగమైనా ఆలోచించినావా బావా?" అంది. చివరికి రెండు లీటర్లదే కొన్నాను. ఎనిమిది వేలు. ఇంట్లో మూడని చెప్పాను. ఆ మూడు కూడా ఎక్కువే అన్నట్టు చూస్తే, "నీ కమ్మలు కూడా కడగొచ్చు" అన్నాను. నోరు ఊరకే ఉండదు కదా.

మిషను వచ్చిన రోజుకు మామ మా ఇంట్లోనే ఉన్నాడు. విరిగిన ఎముకలకు కట్టే కట్టుకు పేరుపడ్డ పుత్తూరు నుంచి వచ్చి కంటి శుక్లం ఆపరేషను చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కుర్చీ వేసుకున్నాడు. కొత్త కన్ను కదా, కనిపించినదాన్నల్లా పరీక్షకు పెడుతున్నాడు. అతికిన రెక్క ఊడకుండా మిగ్‌కు నేను టేపు చుట్టి ఉంచితే, "ఏందిరా అబ్బోడా, దీనికి కూడా పుత్తూరు కట్టేసినావా?" అన్నాడు.

తొట్టిలో నీళ్ళు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి స్విచ్చి వేశాను. జ్జ్జ్ అని కీచురాయి అరుపు మొదలైంది. కొత్తగా పోసిన నీళ్ళలో గాలి కరిగి ఉంటుంది, అది పోతేగానీ పని జోరందుకోదు, అందుకని ముందు పది నిమిషాలు ఊరికే తిప్పాలి.

"వట్టి నీళ్ళను ఉతుకుతా ఉండావేందిరా?" అన్నాడు మామ.

నాకు ఉత్సాహం వచ్చింది. తొట్టి అడుగున అంటించిన బిళ్ళ సెకనుకు నలభై వేల సార్లు వణుకుతుంది మామా, మన చెవికి ఇరవై వేలకు మించి వినపడదు, ఈ కీచుమనేది దాని పిల్లమోత మాత్రమే, ఆ వణుకుకు నీళ్ళలో కంటికి కనపడని బుడగలు పుట్టి టపటపా పేలి మురికిని ఊడగొడతాయి, ఓడల ప్రొపెల్లర్లకు గుంటలు పడేది కూడా ఇట్లాంటి బుడగల వల్లే, బుడగ ఎంత జోరుగా అణిగిపోతుందో రేలీ అనే దొర 1917లోనే లెక్క కట్టాడు అని చెప్పుకుపోయాను. మామ అంతా విని, "1917లోనే ఆయప్ప లెక్క తేల్చేసినాడే, మళ్ళీ నువ్వు నెల రోజులు ఏం లెక్క కట్టినావు?" అన్నాడు.

మిషను అసలుదా కాదా తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అల్యూమినియం ఫాయిలు ముక్కను నీళ్ళలో నిలువునా ముంచి నిమిషం పట్టుకోవాలి. పట్టుకున్నాను. తీసి లైటుకు ఎదురుగా పెడితే సన్న సన్న చిల్లులు, చుక్కల ఆకాశం. ఇంత అందమైన దృశ్యం ఈ మధ్య చూడలేదు. బల్ల మీద భద్రంగా పెట్టుకుంటే, మా ఆవిడ చూసి, "చపాతీలు చుట్టే ఫాయిలు ఎలుక కొట్టేసిందే" అని పారేసింది.

సరే, కమ్మలు అడిగింది. బుట్టలో పెట్టి ముంచాను. మూడు నాలుగు సెకన్లు ఏమీ లేదు. తర్వాత రాళ్ళ వెనకనుంచి సన్నటి నల్లదారం ఒకటి బయటికి వచ్చింది. ఊదుబత్తి పొగలాగా మెలికలు తిరుగుతూ కిందికి దిగింది. వెనకే ఇంకోటి. సబ్బు, పౌడరు, నూనె, చెమట, మా పెళ్ళినాటి గంధం, అన్నీ కలిసిన మడ్డి. ఐదు నిమిషాల తర్వాత తీస్తే రాళ్ళు కళ్ళు తెరిచి చూస్తున్నాయి. మా ఆవిడ వాటిని పెట్టుకుని అద్దంలో చూసుకుంది. తర్వాత పక్కింటికి వెళ్ళింది. తర్వాత ఎదురింటికి వెళ్ళింది.

అక్కణ్ణుంచి మా వరండా జాకెట్లు కుట్టే షాపులా తయారైంది. పట్టీలు, మెట్టెలు, కళ్ళద్దాలు, వెండి కుంకుమ భరిణె. నేను బల్ల వెనక కూర్చుని రత్నశాస్త్రం చెప్పేవాణ్ణి. ముత్యాలు వద్దమ్మా, మెత్తన, పై నిగారింపు పోతుంది. పగడం కూడా వద్దు. పచ్చకు లోపల పగుళ్ళుంటాయి, అవి కనపడకుండా నూనె పట్టించి ఉంటారు, ఇందులో పెడితే నూనె పోయి పగుళ్ళు బయటపడతాయి. ఇట్లా చెబితే ఉంగరం తీసుకుపోతారనుకున్నాను. తీసుకుపోయారు, అది పెట్టిచ్చిన బంగారు కొట్టతనితో పోట్లాడటానికి. పక్కింటి పెద్దాయన కట్టుడు పళ్ళు పంపించాడు. నిజానికి వాటికీ ఈ మిషను పనికొస్తుంది. కానీ రేపు అదే తొట్టిలో మిగ్ చక్రాలు ముంచాలంటే నాకు మనసొప్పలేదు. కరెంటు లేదని చెప్పి పంపేశాను. వెనక ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఈ సందట్లో నా పని రాత్రిపూటకు పడింది. థిన్నరు నేరుగా తొట్టిలో పోయకూడదు, ఆవిరికి నిప్పంటుకునే గుణముంది, కిందేమో కరెంటు. అందుకని సబ్బునీళ్ళతోనే కానిస్తున్నాను. చిన్న భాగాలు బుట్ట కన్నాల్లోంచి జారిపోకుండా వంటింట్లోని టీ జల్లెడ తెచ్చి, అందులో పెట్టి వేలాడదీసేవాణ్ణి. అది చాలా మంచి పద్ధతి. ఎవరికైనా చెబుతాను.

ఆ శనివారం సాయంత్రం నాజిల్‌ను టీ జల్లెడలో పెట్టి ముంచబోతుంటే మామకు టీ వేళయింది. మా ఆవిడ వచ్చి నాజిల్‌ను బల్ల మీద బోర్లించి జల్లెడ పట్టుకుపోయింది. ఐదు నిమిషాలకేమవుతుందిలే అని నేను నాజిల్‌ను బుట్టలోనే వదిలాను. ఇంతలో ఇంకో ఆలోచన వచ్చింది. మా బోరు నీళ్ళకు ఆరబెట్టిన ప్రతిదాని మీదా తెల్లమచ్చలు పడుతున్నాయి. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుందామని లీలామహల్ సర్కిల్ దాకా వెళ్ళాను.

అరగంటలో తిరిగొచ్చేసరికి మిషను దగ్గర మామ నిలబడి ఉన్నాడు. టైమరు గుండీ చివరికంటా తిప్పి ఉంది. హీటరు కూడా చివరికంటా తిప్పి ఉంది. తొట్టి మీద ఆవిరి.

"రైసు కుక్కరు మాదిరే కదరా, పెట్టేసినా" అన్నాడు.

పెట్టింది ఆయన మెడలోని డాలరు. పాత రూపాయి బిళ్ళంత ఉంటుంది. ఒకవైపు స్వామి, నుదుట తెల్లటి నామాలు, మధ్యలో ఎర్రగీత. నా చిన్నప్పుడు మామ నన్నెత్తుకుంటే నేను నోట్లో పెట్టుకున్న డాలరు అది. మామ గరిటెతో తీశాడు. స్వామి ధగధగలాడిపోతున్నాడు. హారాలు, శంఖం, చక్రం, ముప్పై ఏళ్ళుగా మడ్డి కింద దాగిన గీతలన్నీ బయటపడ్డాయి. మామ నల్లద్దాలు పైకెత్తి, కొత్త కన్ను దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఏంరా... నామాలేవి?"

నుదురు నున్నగా ఉంది. అది మీనా పని కాదు, పైపైన దిద్దిన రంగు. వేడి సబ్బునీళ్ళు, అరగంట బుడగలు. రంగు ఊడగొట్టాలని నేను కొత్తగా కొన్న మిషను, చెప్పిన పని చేసింది.

అత్త లోపల్నుంచి వచ్చి చూసి, రెండు చేతులూ జోడించి "గోవిందా!" అంది. భక్తితో అన్నదో, జరిగిన సంగతి చెప్పిందో నాకు అర్థం కాలేదు.

మామ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఖాళీ మెడ తడుముకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. అత్త మాత్రం తొట్టిని రెండు చేతులా ఎత్తి, "స్వామి నామాలు కలిసిన నీళ్ళు, సింకులో పోస్తారా ఎవరైనా?" అంటూ తీసుకుపోయి, ఎవరూ తొక్కని చోటని కొబ్బరిచెట్టు మొదట్లో పోసి వచ్చింది. నేను అడ్డు చెప్పలేదు. ఆ క్షణంలో నా కంటికి డాలరు తప్ప ఏమీ కనపడటం లేదు.

"మామా, నేను వేసిస్తా. అంగుళం పైలట్‌కు కనుబొమ్మలు దిద్దిన చెయ్యి" అన్నాను.

నెత్తిన భూతద్దం, చేతిలో మూడు సున్నాల కుంచె. ఊపిరి బిగబట్టి తెల్ల రంగు పెట్టాను. మామ కొత్త కన్ను నా భుజం మీదుగా దిగింది. "ఇది వై మాదిరి ఉందిరా." తుడిచాను. ఈసారి కింద గుండ్రంగా. "ఇది యూ మాదిరి వచ్చిందే." అత్త అందుకుంది, "కొండ మీద స్వామిది అదీ కాదు, ఇదీ కాదు. లావుగా, కళ్ళను సగం మూసేటట్టు ఉంటుంది" అని. మా ఆవిడ గోడకున్న క్యాలెండరు తీసుకొచ్చి నా ముందు పెట్టింది. మిగ్-21 బొమ్మ చూస్తూ మిగ్-21కు రంగు వేయాల్సిన బల్ల మీద, శ్రీవారి పటం చూస్తూ మూడు మిల్లీమీటర్ల నామాలకు వేస్తున్నాను. నాలుగోసారికి కుదిరింది. మధ్యలో ఎర్రగీత ఒక్క ఊపులో పడింది. నా జీవితంలో అంత సూటి గీత ఏ రెక్క మీదా గీయలేదు.

మామ చాలాసేపు చూశాడు. "ఎడమది వెంట్రుకంత లావు" అన్నాడు. ఆపైన, "పర్లేదు" అన్నాడు. ఆయన నోట 'పర్లేదు' అంటే పెద్ద బిరుదే.

ఇక దాని మీద వార్నిష్ ఒక పూత కొడితే చెమటకు పోకుండా ఉంటుంది. కుంచెతో వేస్తే గీతలు పడతాయి, ఎయిర్‌బ్రష్‌తో కొట్టాలి. ఎయిర్‌బ్రష్ తీశాను. దాని ముక్కు బోసిగా ఉంది. నాజిల్ తగిలించాలి. నాజిల్ కోసం బుట్టలోకి చూశాను. తొట్టిలోకి చూశాను. తర్వాత మెల్లగా తలెత్తి కొబ్బరిచెట్టు వైపు చూశాను.

ఆదివారం పొద్దున్నుంచీ నేను ఆ చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని, టీ జల్లెడతో మన్ను జల్లిస్తున్నాను. ఇప్పుడు మాత్రం జల్లెడ కావాలని ఎవరూ అడగటం లేదు. గోడ అవతల్నుంచి పక్కింటాయన బోసినోటితో తొంగిచూసి, "కరెంటు వచ్చిందా?" అన్నాడు. మామ కుర్చీ చెట్టు నీడకు జరుపుకుని, మెడలో కొత్త నామాల డాలరుతో, నల్లద్దాల్లోంచి పర్యవేక్షిస్తున్నాడు.

"దేనికిరా అంత అవస్థ? ఆ మన్నంతా ఎత్తి మిషన్లో పొయ్యి. మురికి పోయి ఇత్తడి మిగలదా?" అన్నాడు.

నవ్వి ఊరుకుందామనుకున్నాను. కాసేపు ఆలోచించాక లేచి లోపలికి వెళ్ళి బకెట్టు తెచ్చాను.