కాలిన రెసిస్టర్‌కు వైరు ముక్క వైద్యం

మళ్లీ వచ్చింది. "రెసిస్టర్ గురించి మెకానిక్‌లు దాచే 6 రహస్యాలు, పది మందికి పంపండి" అనే మెసేజ్. హన్మకొండ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, జగిత్యాల చుట్టాల గ్రూపులో ఒకసారి, ఐటీఐ దోస్తుల గ్రూపులో రెండుసార్లు. చుట్టాలు పంపితే సరే. ఐటీఐ చదివినోళ్లు పంపుడేందన్నా?

మొదటి రహస్యం: "చార్జర్ బోర్డులో కరెంటు వచ్చే చోట ఉన్న రెసిస్టర్ కాలితే వైరు ముక్కతో కలిపేయండి, చార్జర్ మళ్లీ పనిచేస్తుంది."

ఒక్కోసారి పనిచేస్తుంది కూడా. అదే ఇక్కడి ప్రమాదం. చాలా చార్జర్లలో అది 10 ఓంలు, 1 వాట్ ఫ్యూజబుల్ రెసిస్టర్, అంటే కరెంటుకు అడ్డం నిలిచి, మితిమీరితే ఫ్యూజులా తెగిపోయేది. మన 230 వోల్టుల కరెంటు పీక్‌లో 325 దాకా పోతుంది. చార్జీ నింపుకునే కెపాసిటర్ ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గా ఆ క్షణాన స్విచ్ వేస్తే, 10 ఓంలు అడ్డం ఉన్నాయి కాబట్టి దూసుకొచ్చే కరెంటు 32 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. వెనకున్న, కరెంటును ఒకే దిక్కు పోనిచ్చే 4007 డయోడు ఒక్క దెబ్బకు ఓర్చుకునేది 30. అంత అంచు మీద నడిచే లెక్క అది. వైరు వేస్తే ఆ అడ్డే పోయింది. ఇక లోపల మోస్‌ఫెట్ (కరెంటును వేగంగా ఆపుతూ వదిలే స్విచ్ లాంటిది) షార్టయిందంటే, మంట లేపకుండా తెగిపోవాల్సింది కూడా ఈ రెసిస్టరే. దాని జాగాలో వైరుంటే బోర్డు మీది రాగి గీత కాలాలి, లేదా కెపాసిటర్ పేలాలి, లేదా ఇంటి ఫ్యూజు పోవాలి. ఆ ఫ్యూజులో నాలుగు రాగి పోగులు మెలేసి కట్టిన ఇళ్లు ఎన్ని లేవు! ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఊడి ఇంట్లోకి 400 వోల్టుల దాకా వచ్చిన రాత్రి, ఆ చార్జర్ మీ దిండు పక్కనే ఉంటుంది. చాయ్ కన్నా చౌకైన పీస్ ఖర్చు మిగిలినందుకు సంతోషించండి.

ఆ రెసిస్టర్ ఊరికే కాలదు కూడా, వెనక ఏది షార్టయిందో చూడాలి. ప్లగ్గు తీయండి, కెపాసిటర్ ఖాళీ చేయండి (ఎలాగో కింద చెప్తా), మల్టీమీటర్‌ను డయోడు మోడ్‌లో పెట్టండి. ఒక్కో డయోడు ఒక దిక్కు 0.5 నుంచి 0.7 చూపాలి, రెండో దిక్కు ఏమీ చూపొద్దు. రెండు దిక్కులా బీప్ వస్తే షార్ట్. మోస్‌ఫెట్ డ్రెయిన్, సోర్స్ కాళ్ల మధ్య కూడా అంతే. పోయినవి మార్చి, కొత్త ఫ్యూజబుల్ వేసి, మొదటిసారి 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి కరెంటు ఇవ్వండి. బల్బు ఒకసారి మెరిసి తగ్గితే మంచిదే. పూర్తిగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా ఉంది. బల్బంటే ఫిలమెంటు బల్బు. ఎల్‌ఈడీ బల్బు పెట్టి "ఏం తెలుస్తలేదు" అనొద్దు.

"వాట్లు ఎంత ఎక్కువైతే అంత మంచిది" అట. ఫ్యూజబుల్ జాగాలో 5 వాట్ల సిమెంటు రెసిస్టర్ వేస్తే అది తెగదు, కింది బోర్డును నల్లగా మాడుస్తుంది. మామూలు పావు వాట్ కార్బన్‌ది వేస్తే మంటే అంటుకోవచ్చు. అవే ఓంలు, అవే వాట్లు, అదే రకం.

"బోర్డు మీదనే కొలవొచ్చు, కాలు ఊడదీయక్కర్లేదు." సగం నిజం. పక్క దారులు రీడింగ్‌ను తగ్గిస్తాయే గానీ పెంచవు. చిప్‌కు మొదటి కరెంటు ఇచ్చే 470 కిలో ఓంల స్టార్టప్ రెసిస్టర్ బోర్డు మీదనే 900 చూపితే అది పోయినట్టే, విప్పే పని లేదు. తక్కువ చూపితేనే ఒక కాలు లేపి కొలవాలి. రెండు కొనలూ వేళ్లతో పట్టుకుంటే మీ ఒంటినీ కలిపి కొలిచినట్టే.

కెపాసిటర్‌ను స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయాలట! టీవీ బోర్డులో 100 మైక్రోఫారడ్‌ది చేసి చూడండి, స్క్రూడ్రైవర్ కొన ఎగురుతుంది. 10 కిలో ఓంలు, 5 వాట్ల రెసిస్టర్‌ను ఐదు సెకన్లు ఆనిస్తే చాలు. తర్వాత మీటర్‌తో చూడండి.

"బైకు బ్యాటరీ 12 వోల్టులు, మూడు తెల్ల ఎల్‌ఈడీలకు 120 ఓంలు." ఇంజన్ ఆగి ఉంటే సరే, 20 మిల్లీ ఆంపియర్లు. బండి నడుస్తుంటే 14.4 వోల్టులు, అప్పుడు 40. ఎల్‌ఈడీ ఎన్నాళ్లు ఉంటది? 240 వేయండి.

ఆరోది చదివి నవ్వొచ్చింది: "ఎల్‌ఈడీ బల్బులో పక్కపక్కన ఉన్న రెండు చిన్న రెసిస్టర్లలో ఒకటి పీకేస్తే బల్బు ఎక్కువ కాలం వస్తుంది." ఆ రెండూ డ్రైవర్ ఐసీ (ఎల్‌ఈడీలను నడిపే చిప్) కరెంటును కొలిచే సెన్స్ రెసిస్టర్లు అయితే, ఈ మాట నిజం. ఒకటి తీస్తే కరెంటు తగ్గుతుంది, వెలుతురు కొంచెం తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది. ఓంలు తక్కువున్నది తీస్తే వెలుతురు మరీ పడిపోతుంది, ఎక్కువున్నది తీయండి. కాకపోతే ఆ రెసిస్టర్లున్న ప్లేటు మీద ప్రతి చుక్కా నేరుగా కరెంటుకు తగిలి ఉంటుంది. స్విచ్ ఆపితే చాలదు, స్విచ్‌ను న్యూట్రల్‌కు పెట్టిన ఇళ్లు బోలెడు. బల్బును హోల్డర్ లోంచి తీసి టేబుల్ మీద పెట్టాకే దాని మూత విప్పండి.